సొమ్మొకడిది, సోకొకడిది కాకూడదు

"చేతిలో పెద్దగా డబ్బు లేకుండానే అపార్ట్‌మెంట్ బిల్డింగ్ నడపొచ్చు అయ్యగారూ" అంటూ బెంగళూరులో మన సంఘ యువకుడొకడు ఈమధ్య నాకో వీడియో చూపించాడు. అమెరికాలో దీన్ని మాస్టర్ లీజ్ అంటారు. ఒకరే బిల్డింగ్ మొత్తాన్ని యజమాని దగ్గర కొన్నేళ్లకు లీజుకు తీసుకుంటారు. ఫ్లాట్లు అద్దెకిచ్చి, యజమానికి ఒప్పుకున్న మొత్తం కట్టి, మిగిలింది తాము ఉంచుకుంటారు. గడువులోగా ముందే రాసుకున్న ధరకు ఆ బిల్డింగ్‌ను కొనుక్కునే అవకాశం కూడా ఉంటుంది. పద్ధతిలో తప్పు లేదు. నిర్వహణతో విసిగిన యజమానికీ, బ్యాంకు లోను వెంటనే దొరకని కొనుగోలుదారుకూ ఇది పనికొచ్చే దారే.

కానీ ఆ వీడియో చెప్పని లెక్క ఒకటి ఉంది. 20 ఫ్లాట్లు, ఒక్కోదానికి 20 వేల అద్దె అనుకుందాం. నెలకు 4 లక్షలు వస్తాయి. యజమానికి 3 లక్షలు, నీళ్లు, వాచ్‌మన్, మరమ్మతులకు 60 వేలు పోతే మిగిలేది 40 వేలు. మూడు ఫ్లాట్లు ఖాళీ అయితే చాలు, 20 వేలు చేతినుంచి పడతాయి. యజమాని మాత్రం తన 3 లక్షలు అడుగుతూనే ఉంటాడు.

అప్పుడు మధ్యవాడు ఎవరి డబ్బు ముట్టుకుంటాడు? అసలు ప్రశ్న ఇదే.

బెంగళూరులో 'లీజుకు ఇల్లు' అంటే మనవాళ్లందరికీ తెలుసు. లక్షల రూపాయలు ఒకేసారి ఇచ్చి, నెల అద్దె లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు ఆ సొమ్ము వెనక్కి తీసుకుంటాం. ఆ సొమ్ము కోసం కొందరు ఊళ్లో పొలం అమ్ముతారు, కొందరు పుస్తెలతాడు తాకట్టు పెడతారు. కొందరు మధ్యవర్తులు యజమానికి నెల అద్దె కడతామని ఇల్లు తీసుకుని, అద్దెదారుల దగ్గర ఈ పెద్ద మొత్తం వసూలు చేసి, కొన్నాళ్లకు కట్టడం మానేశారు. "నా అద్దె రాలేదు, ఇల్లు ఖాళీ చేయండి" అన్నాడు యజమాని. "మా లక్షలు ఎవరిస్తారు?" అని అడిగింది కుటుంబం. ఇద్దరి మాటా నిజమే. మధ్యవాడు మాత్రం ఫోనెత్తలేదు.

కాబట్టి లీజుకు వెళ్లేవారు మధ్యవాడి సంతకంతో సరిపెట్టుకోవద్దు. యజమాని సంతకం అడగండి, డబ్బు బ్యాంకు ద్వారా యజమాని ఖాతాకే పంపండి, ఇంటిమీద అప్పుందేమో ఈసీ తీయించి చూడండి. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. ఖర్చని తప్పించుకోవద్దు.

ఇలాంటి వ్యాపారంలోకి దిగాలనుకునే యువతకు రెండు మాటలు. కొనుగోలు ఒప్పందం ఉన్నంత మాత్రాన ఆస్తిలో హక్కు రాదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. మీ లీజు మధ్యలో రద్దయినా అద్దెదారులను యజమాని కొనసాగించాలనీ, వాళ్ల డిపాజిట్ విడి ఖాతాలో ఉండాలనీ మొదటి కాగితంలోనే రాయించండి. ఆ షరతు పెడితే లాభం మిగలదనిపిస్తే, ఆ లాభం వాళ్ల డిపాజిట్లలోంచి రావలసిందేనని అర్థం.

యిర్మీయా 32వ అధ్యాయం చూడండి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించిన రోజుల్లో కూడా ప్రవక్త అనాతోతు పొలానికి 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. సాక్షులచేత సంతకాలు చేయించాడు. ముద్రవేసిన పత్రాన్నీ, తెరిచి ఉన్న పత్రాన్నీ మట్టికుండలో భద్రపరిచాడు. విశ్వాసం ఉందని కాగితం మానలేదు.

మన సంఘాల్లోనూ ఈ పని మొదలుపెడదాం. నెలకో ఆదివారం ఆరాధన తర్వాత, చట్టం తెలిసిన ఒకరిని కూర్చోబెట్టి, సంతకం పెట్టకముందే మనవాళ్ల లీజు కాగితాలు చదివిద్దాం. సంతకం అయ్యాక కన్నీళ్లతో ప్రార్థించడం కంటే, ముందే ఓ గంట కూర్చుని చదవడం మేలు.