ట్రామును గేములోకి ఎక్కించే ముందు

1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుంచి ఆర్మేనియన్ ఘాట్ దాకా గుర్రాలు లాగిన బండితో కోల్‌కతా ట్రాము కథ మొదలైంది. 1902లో దానికి కరెంటు వచ్చింది. 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మైదాన్–ఎస్ప్లనేడ్ మార్గం ఒక్కటి ఉంచి మిగతావి ఆపేస్తామంది. రోడ్డు మీద చోటు కరవైన ట్రాముకు కంప్యూటర్ గేములోనైనా పట్టాలు వేద్దామని ఆ ఊరి కుర్రాళ్లు ఎవరైనా తలపెడితే, ఓపెన్‌టీటీడీ చక్కగా సరిపోతుంది. 1990ల నాటి ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్‌ను అభిమానులు తిరగరాసిన ఉచిత గేమ్ అది. కొత్త బండ్లను న్యూజీఆర్ఎఫ్ ఫైళ్లుగా ఎవరైనా చేర్చవచ్చు.

బొమ్మ గీయడం ఓపికతో కూడిన పనే. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది లైసెన్స్.

వికీమీడియా కామన్స్‌లో క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్ఏ 4.0 లైసెన్స్ కింద ఉన్న ట్రాము ఫొటో ఒకటి దొరికిందనుకుందాం. జంట పెట్టెలు, కిటికీల వరుస, పైన తీగ అన్నీ చూసి చుక్క చుక్కగా తెరమీద దించారు. ఫొటోను అలా దించిన బొమ్మకు ఫొటో షరతులే వర్తిస్తాయి. బీవై-ఎస్ఏ 4.0 సరుకును జీపీఎల్ అనే సాఫ్ట్‌వేర్ లైసెన్స్ మూడో వెర్షన్‌లోకి తేవచ్చని క్రియేటివ్ కామన్స్ 2015 అక్టోబరులో ప్రకటించింది. రెండో వెర్షన్‌కు ఆ దారి లేదు. ఓపెన్‌టీటీడీ కోడు, దాని ఉచిత బొమ్మల మూట ఓపెన్‌జీఎఫ్ఎక్స్ రెండూ ఆ రెండో వెర్షన్‌వే. కాబట్టి మన ట్రామును ఆ మూటలో కలపడం కుదరదు. తన లైసెన్స్‌తోనే విడి ఫైలుగా పెట్టుకోవచ్చు. అదే, ఎస్ప్లనేడ్‌లో నిలబడి సొంత ఫోన్‌తో ఫొటో తీసుకుంటే ఈ చిక్కే ఉండదు.

గేములో రవీంద్రనాథ్ ఠాగూర్ పాట పెట్టాలన్నా ఇంతే. ఆయన 1941లో కన్నుమూశారు. 1992లో కాపీరైట్ గడువును 50 ఏళ్ల నుంచి 60 ఏళ్లకు పెంచడంతో ఆయన రచనలపై విశ్వభారతి హక్కు 2001 చివరిదాకా సాగింది. ఇప్పుడు ఆ మాట, ఆ వరస అందరివీ. గాయని గొంతు ఉన్న రికార్డు మాత్రం వేరే ఆస్తి.

డబ్బులు తీసుకోవడం లేదు కదా, ఎవరడుగుతారు అనేవాళ్లు 2014 సెప్టెంబరును గుర్తు తెచ్చుకోవాలి. మైన్‌క్రాఫ్ట్ గేము సర్వర్‌కు చేర్పుగా వచ్చిన మాడ్ క్రాఫ్ట్‌బుకిట్‌లో జీపీఎల్ తరహా ఎల్‌జీపీఎల్ లైసెన్స్ కింద ఔత్సాహికులు రాసిన కోడు, ఆ గేము యజమాని మోజాంగ్ కంపెనీ మూసి ఉంచిన కోడు కలిసిపోయి ఉండేవి. ఒకే ఒరలో రెండు కత్తులు. సొంత కోడు ఇచ్చిన ఒక డెవలపర్ అమెరికా కాపీరైట్ చట్టం కింద నోటీసు ఇచ్చేసరికి డౌన్‌లోడ్లు ఆగిపోయాయి. సర్వర్లు నడుపుకొనేవారు నానా అవస్థ పడ్డారు. అయినా అతన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. అతను ఇచ్చిన కోడు వెంట షరతు ఉంది, ఆ షరతు నెరవేరలేదు. తర్వాత స్పిగాట్ అనే మరో సర్వర్ మాడ్ బృందం వేరే దారి పట్టింది. తాము రాసిన మార్పులను మాత్రమే పంచి, వాటిని అసలు సర్వర్‌తో కలిపే పని వాడుకరి కంప్యూటర్లోనే జరిగేలా బిల్డ్‌టూల్స్ తయారుచేసింది.

మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రోగ్రాము పనితీరును పరిశీలించడానికి, వేరే ప్రోగ్రాముతో పొసిగేలా చేయడానికి కొంత వెసులుబాటు ఇచ్చింది. పరాయి కోడును పదిమందికీ పంచిపెట్టే హక్కు ఇవ్వలేదు.

కోల్‌కతా సాల్ట్‌లేక్‌లో అయినా హైదరాబాద్‌లో అయినా విద్యార్థులకు గేమ్ పోటీలు పెట్టేవారు ఈ వివరాలను దరఖాస్తులోనే అడగాలి: ఏది ఎక్కడి నుంచి తెచ్చారు, ఎవరిది, ఏ లైసెన్స్, దాని ఎన్నో వెర్షన్. ట్రాము మాడ్‌కైతే నాలుగు వరుసలు సరిపోతాయి: బొమ్మ, గంట చప్పుడు, పాట, కోడు.