నర్సు ప్రేమా? కపొరెటో పరాజయమా?

హెమింగ్వే నవల ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’ గురించి మన కాలేజీలలో ఒక కథ చెలామణీలో ఉంది. గైడులు దాన్ని అచ్చు వేస్తున్నాయి, అధ్యాపకులు చెబుతున్నారు, విద్యార్థులు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు. కథ ఇది: 1918లో ఇటలీ యుద్ధరంగంలో హెమింగ్వే గాయపడ్డాడు. అప్పటికి అతనికి పంధొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. మిలాన్‌లోని అమెరికన్ రెడ్‌క్రాస్ ఆస్పత్రిలో ఎగ్నెస్ ఫాన్ కురోవ్‌స్కీ అనే నర్సును ప్రేమించాడు. ఆమె అతనికంటె ఏడేళ్ళు పెద్దది. 1919 మార్చిలో ఉత్తరం రాసి తెగతెంపులు చేసుకుంది. ఆ బాధను పదేళ్ళు గుండెలో దాచుకుని 1929లో నవలగా వెలిగక్కాడు. కాబట్టి నవలకు ప్రేరణ ఎగ్నెస్. క్యాథరీన్ బార్క్లీ అంటే ఎగ్నెస్. ప్రశ్న తీరింది, మార్కులు పడ్డాయి, గంట కొట్టారు.

ఈ కథలో అబద్ధం లేదు. గాయం నిజం, నర్సు నిజం, ఉత్తరం నిజం. అబద్ధమల్లా ‘కాబట్టి’ అనే మాటలో ఉంది. రచయిత జీవితంలో ఒక స్త్రీ కనిపిస్తే చాలు, అతడు రాసినదంతా ఆమె కొంగున ముడివేసే విమర్శ ఒకటుంది. దానికి చదువు అక్కర్లేదు, చరిత్ర అక్కర్లేదు, ఇరుగుపొరుగు సంగతుల మీద ఆసక్తి ఉంటే సరిపోతుంది. 1996లో ఆటెన్‌బరో ఈ సరుకునే ‘ఇన్ లవ్ అండ్ వార్’ అనే సినిమాగా తీశాడు. సినిమావాళ్ళతో మనకు పేచీ లేదు. టిక్కెట్లు అమ్ముకునేవాళ్ళు ప్రేమను అమ్ముకుంటారు. పేచీ అల్లా దీన్నే సాహిత్య విమర్శ అనుకుని క్లాసుల్లో చెప్పేవారితో.

ఎగ్నెస్ ప్రేమ ఒక్కటే ప్రేరణ అయినప్పుడు హెమింగ్వే ఏమి రాశాడో మనం ఊహించుకోనక్కరలేదు. రాసి చూపించాడు. 1924లో పారిస్‌లో వెలువడిన చిన్న పుస్తకంలో ఆ ముక్క ఉంది. తర్వాత దానికి ‘ఎ వెరీ షార్ట్ స్టోరీ’ అని పేరు పెట్టాడు. అచ్చులో రెండు పేజీలుండదు. గాయపడిన సైనికుడు, మిలాన్ నర్సు, పెళ్ళి మాట, ఆమె మరో ఇటాలియన్ అధికారిని వరించడం, ఉత్తరం, చివర ఆ కుర్రవాడు షికాగోలో తెచ్చుకున్న సుఖవ్యాధి. నర్సు పేరు మొదట ‘ఆగ్’ అనే పెట్టి, 1925లో ‘లూజ్’ అని మార్చాడు, మిలాన్‌ను పాడువా చేశాడు. అందులో ఉక్రోషం ఉంది, ఎత్తిపొడుపు ఉంది. యుద్ధం లేదు. ఆ కథ రాసినవాడు అంతటితో కలం పడేసి ఉంటే ఈనాడు అతని పేరు ఎవరికీ అవసరముండేది కాదు. ఎగ్నెస్ ఇచ్చిన ప్రేరణ కొలత ఆ రెండు పేజీలే.

మరి ఆ రెండు పేజీలు మూడు వందల పేజీలు ఎట్లా అయినాయి?

తేదీలు చూడండి. మన గైడులు తేదీలను వరసగా ఇస్తాయి గాని వాటిని చదవవు. హెమింగ్వే ఇటలీ చేరింది 1918 జూన్‌లో. పియావే నది ఒడ్డున ఫోసాల్టా దగ్గర సైనికులకు చాక్లెట్లూ సిగరెట్లూ పంచుతూ ఆస్ట్రియన్ మోర్టారు గుండుకు గాయపడింది జూలై 8 రాత్రి. నవలలో ఫ్రెడరిక్ హెన్రీ గాయపడేది 1917లో, ఇసొంజో నది మీద. అంటే రచయిత తన అనుభవాన్ని ఏడాది వెనక్కి జరిపాడు, తాను ఎన్నడూ చూడని రంగానికి తీసుకువెళ్ళాడు. ఎందుకు? ప్రేమకథే కావలసివస్తే 1918 కంటె మంచి ఏడాది దొరకదు. ఆ ఏడాది చివర ఇటలీ సైన్యం విత్తొరియో వెనెతో దగ్గర గెలిచింది, యుద్ధం ముగిసింది, ఊరూరా గంటలు మోగాయి. గెలిచిన సైన్యం, ఓడిన ప్రేమికుడు, ఇంతకంటె అందమైన విషాదం ఏ మ్యాట్నీకైనా ఉంటుందా? హెమింగ్వే ఆ విజయాన్ని చేతులారా వదులుకున్నాడు. అతనికి 1917 అక్టోబరు కావాలి. కపొరెటో కావాలి.

కపొరెటో అంటే ఏమిటో విద్యార్థికి చెప్పకుండా ఈ నవల పాఠం చెప్పడం, కరువు సంగతి చెప్పకుండా వలస కథ చెప్పడం వంటిది. 1917 అక్టోబరు 24న జర్మన్, ఆస్ట్రియన్ సైన్యాలు విషవాయువుతో, కొత్త యుద్ధపద్ధతులతో ఇసొంజో రంగాన్ని ఛేదించాయి. రెండు, మూడు వారాలలో ఇటలీ సైన్యం టాల్యమెంటో నది దాటి పియావే దాకా వెనక్కి వచ్చింది. చనిపోయినవారు పదివేల పైచిలుకు. పట్టుబడినవారు మూడు లక్షలకు దగ్గర. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ సైనికులు దేనితో విసిగిపోయారో తెలుస్తుంది. అంతకుముందు రెండేళ్ళకు పైగా అదే ఇసొంజో మీద పదకొండు యుద్ధాలు జరిగాయి. కందకాలలో ఎక్కువమంది రైతులు. ఆ ఆగస్టులోనే టురిన్ పట్నంలో రొట్టె కోసం మొదలైన అలజడి యుద్ధ వ్యతిరేక తిరుగుబాటు అయింది. పదుల సంఖ్యలో జనం చనిపోయారు, పట్టుబడిన కార్మికులలో చాలామందిని యుద్ధరంగానికి తోలారు. ప్రధాన సేనాని కడోర్నా మాత్రం అక్టోబరు 28 ప్రకటనలో తప్పంతా తన సైనికుల పిరికితనం మీదికి నెట్టాడు. ఆ యుద్ధకాలంలో ఇటలీ సైనిక న్యాయస్థానాలు శిక్ష వేసి కాల్పించినవారు దాదాపు 750 మంది. విచారణ లేకుండా, వరసలో నిలబెట్టి చీట్లు వేసి కాల్చినవారు వేరే. (కపొరెటోను విప్లవంగా చిత్రించే ఉత్సాహం మనలో కొందరికి ఉంది. అది విప్లవం కాదు. రంగం ఛేదించబడింది సేనానుల చేతగానితనం వల్ల, జర్మన్ల నేర్పు వల్ల. అయితే ఛేదించబడ్డాక తుపాకులు పారేసి ఇంటిదారి పట్టిన లక్షలమంది ఏదో చెప్పారు. రెండు వారాల తర్వాత పెట్రోగ్రాడ్‌లో అదే సంగతి ఇంకోవిధంగా చెప్పబడింది.)

ఈ నడకను హెమింగ్వే కళ్ళారా చూడలేదు. చూడనివాడు అంత కళ్ళకు కట్టేట్టు ఎట్లా రాశాడు? చూసినది మరొకటుంది. 1922 అక్టోబరులో, గ్రీకు-టర్కీ యుద్ధం చివర, టొరంటో స్టార్ విలేఖరిగా అతడు అడ్రియానోపుల్ దగ్గర ఉన్నాడు. తూర్పు థ్రేస్ ఖాళీ చేసి వెళ్ళిపోతున్న రైతులు వానలో మైళ్ళ పొడుగున బండ్ల వరుసలో నడుస్తున్నారు. పశువులు, పరుపులు, ముసలివాళ్ళు. ఒక బండిలో ఒక స్త్రీకి కాన్పు వస్తోంది. ఒక చిన్నపిల్ల ఆమె మీద దుప్పటి పట్టుకుని ఏడుస్తోంది. హెమింగ్వే ఆ దృశ్యాన్ని 1920ల మధ్యలోని తన తొలి పుస్తకాలలోనే రాశాడు. వాన, బురద, ఆగిపోయిన బండ్ల వరుస, కాన్పు. నవల చదివినవారికి ఈ నాలుగూ ఎక్కడెక్కడ తిరిగి కనిపిస్తాయో నేను చెప్పనక్కరలేదు. కాన్పు సంగతి వచ్చింది గనక ఇంకొకటి: 1928 జూన్‌లో, నవల సగంలో ఉండగా, అతని రెండో భార్య పోలీన్ కాన్సస్ సిటీలో చాలా గంటలు నొప్పులు పడి సిజేరియన్ ఆపరేషన్‌తో కొడుకును కన్నది. క్యాథరీన్ మరణ దృశ్యానికి కావలసిన ఆస్పత్రి అక్కడిది. ఆ లెక్కన ప్రేరణ పోలీన్ అని ఇంకొకరు గైడు రాయవచ్చు. థ్రేస్ బండిలోని ఆ పేరులేని తల్లి మీద మాత్రం ఎవరూ గైడు రాయరు.

అసలు నవల తెరిచి చూద్దాం. ఫ్రెడరిక్ అంబులెన్సు దళానికి లెఫ్టినెంటు. అతని కింద పనిచేసే డ్రైవర్లు మెకానిక్కులు, యుద్ధమంటే గిట్టనివాళ్ళు. దాడికి ముందు కందకంలో వాళ్ళు లెఫ్టినెంటుతో యుద్ధం గురించి వాదిస్తారు. వాళ్ళలో పసీనీ అనేవాడు, ఎవరో ఒకరు పోరు మానకపోతే ఇది ముగియదన్నట్టు మాట్లాడతాడు. ఫ్రెడరిక్ దగ్గర దానికి జవాబు లేదు, ఏదో పైపై సమాధానం చెబుతాడు. కొంతసేపటికే గుండు పడుతుంది. పసీనీ కాళ్ళు తెగి అరుస్తూ చనిపోతాడు, ఫ్రెడరిక్ గాయంతో బతుకుతాడు. రచయిత వ్యాఖ్యానించడు. వాదంలో గెలిచినవాడు చచ్చిపోయాడు, ఓడినవాడు ఆస్పత్రికి, అక్కడనుంచి ప్రేమకూ వెళ్ళాడు. మిలాన్ ప్రేమ ఈ శవం మీదుగా మొదలవుతుంది. మన విమర్శకులకు పసీనీ పేరు గుర్తుండదు.

ఇంతకంటె ముఖ్యమైన ఘట్టం వెనుకంజలో ఉంది. బండి బురదలో దిగబడింది. దారిలో ఎక్కించుకున్న ఇద్దరు సార్జెంట్లు కొమ్మలు నరకమంటే నరకక, తమ దళాన్ని వెతుక్కుంటూ నడిచిపోతున్నారు. ఫ్రెడరిక్ తుపాకీ తీసి కాల్చాడు. ఒకడు పడ్డాడు. బొనెల్లో అనే డ్రైవరు, తాను సోషలిస్టునని చెప్పుకునేవాడు, వెళ్ళి వాడి ప్రాణం తీశాడు. ఒకటి, రెండు రోజులు తిరక్కముందే టాల్యమెంటో వంతెన దగ్గర సైనిక పోలీసులు తమ దళాలను వదిలివచ్చిన అధికారులను పట్టి, రెండు ప్రశ్నలడిగి కాలుస్తున్నారు. వరుసలో ఫ్రెడరిక్ కూడా ఉన్నాడు. అతడు నదిలోకి దూకాడు, బతికాడు, ఇక ఈ యుద్ధంతో తనకు సంబంధం లేదనుకున్నాడు. సార్జెంటు చేసినదీ ఫ్రెడరిక్ చేసినదీ ఒకటే పని. ఒకడికి బురదలో చావు, ఇంకొకడికి స్విట్జర్లాండు సరస్సు. ఆజ్ఞ ఇచ్చేవాడికీ ఆజ్ఞ మోసేవాడికీ మధ్య తేడా ఇంత కచ్చితంగా చూపిన ఘట్టం మొదటి ప్రపంచయుద్ధం మీద వచ్చిన నవలల్లో ఎక్కువ లేదు. పరీక్ష పత్రంలో ఈ సార్జెంటు మీద ప్రశ్న వచ్చిందా? “క్యాథరీన్ పాత్ర చిత్రణ” మాత్రం తప్పకుండా వస్తుంది.

ఇక్కడ మన శిబిరంలోని మిత్రులు లేచి, “అయితే ఫ్రెడరిక్ పలాయనవాది కదా, పెటీ బూర్జువా వ్యక్తివాది కదా, అతన్ని నెత్తినెక్కించుకుంటారేం?” అంటారు. అతడు పలాయనవాదే. యుద్ధాన్ని తనవరకు ముగించుకున్నాడు, తన డ్రైవర్ల సంగతి మళ్ళీ తలచుకోలేదు. నవల రెండో సగం సన్నబడడానికి కారణం కూడా అదే. మాంత్రో కొండలమీది చలికాలపు కాపురం పేజీలు కొంత విసుగు పుట్టిస్తాయి. ఇద్దరు మనుషులు లోకానికి తలుపు వేసుకుంటే మాట్లాడుకోవడానికి ఎక్కువ మిగలదు. హెమింగ్వే దీన్ని ఎరిగే రాశాడో ఎరక్క రాశాడో వాదించుకోవచ్చు. కాని ఆ తలుపు గడియ నిలవలేదు. తప్పించుకుపోయి కట్టుకున్న ఇల్లు ఆస్పత్రిలో కూలింది. పలాయనాన్ని చిత్రించడం వేరు, పలాయనాన్ని మెచ్చుకోవడం వేరు. ఈ తేడా చూడలేని విమర్శ కుడివైపు నుంచి వచ్చినా ఎడమవైపు నుంచి వచ్చినా ఒకటే. ఒకరికి నవలలో నర్సు మాత్రమే కనపడుతుంది, ఇంకొకరికి లేబులు మాత్రమే కనపడుతుంది.

ఈ నవల ఎవరికి గుచ్చుకుందో శత్రువులు మనకంటె బాగా కనిపెట్టారు. ముసోలినీ 1924లో కడోర్నాను మార్షల్‌ను చేసి గౌరవించాడు. కపొరెటోను జనం మరచిపోవాలి. 1929లో ఈ పుస్తకం వచ్చింది. ఫాసిస్టు ఇటలీలో దానికి ప్రవేశం లేకపోయింది, 1932 నాటి సినిమాకూ లేకపోయింది. ఒక అమెరికన్ కుర్రవాడు ఒక నర్సును ప్రేమిస్తే ఫాసిస్టు ప్రభుత్వానికి వచ్చిన నష్టమేమిటి? బోస్టన్ పోలీసులు మాత్రం ఈ నవల సీరియల్‌గా వస్తున్న పత్రిక జూన్ సంచికను 1929లో అమ్మనివ్వలేదు, పెళ్ళికాని జంట కాపురం అశ్లీలమని. బోస్టన్ పోలీసులకు కనిపించింది పడకగది. రోము ప్రభుత్వానికి కనిపించింది యుద్ధం. మన గైడులు ఏ ఊరి పోలీసుల చూపుతో రాయబడుతున్నవో పాఠకులు గ్రహించగలరు.

ఎగ్నెస్ గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ‘ప్రేరణ’ సిద్ధాంతం రచయితనే కాదు, ఆమెను కూడా కించపరుస్తుంది. ఆమె ఆ తర్వాత రెడ్‌క్రాస్ నర్సుగా రుమేనియాలో, హైతీలో పనిచేసింది. 1984 దాకా బతికింది. తనను క్యాథరీన్‌తో పోల్చడం ఆమెకు నచ్చలేదు, తాను ఆ తరహా మనిషిని కానని చెప్పింది. గాయపడిన వందలమందికి కట్లు కట్టిన స్త్రీ, ఒక రోగి ప్రేమను కాదన్న కారణాన సాహిత్య చరిత్రలోకి ఎక్కింది. ఆమె వృత్తి మీద, ఆ ఆస్పత్రి వార్డుల మీద ఎవరికీ ఆసక్తి లేదు.

మన భాషలో కూడా సైనికుడి ప్రేమకథ అనేసరికి యుద్ధం రైలుస్టేషనులో వీడ్కోలుకు, చివర టెలిగ్రాముకు మాత్రమే పనికివస్తోంది. వారపత్రికల సీరియళ్ళు చదివేవారికి ఇది కొత్త కాదు. ఆ యుద్ధం ఎవరు తెచ్చిపెట్టారు, ఆ కుర్రవాణ్ణి ఏ ఊరి ఏ కరువు సైన్యంలో చేర్చింది, అని అడిగితే ప్రేమరసం చెడుతుందట. 1915లో గులేరీ రాసిన హిందీ కథ ‘ఉస్‌నే కహా థా’లో పంజాబీ సైనికుడు ఫ్రాన్సు కందకాలలో ఒక పాత ప్రేమ కోసం ప్రాణమిస్తాడు. కథ గొప్పదే. అయినా పంజాబు రైతు ఇంగ్లీషువాడి కోసం ఫ్రాన్సులో ఎందుకున్నాడన్న ప్రశ్న అందులో లేదు. పద్నాలుగేళ్ళ తర్వాత వచ్చిన హెమింగ్వే నవలలో ఆ ప్రశ్న డ్రైవర్ల నోట ఉంది, అరకొరగానైనా.

హెమింగ్వే ఈ నవల ముగింపును 39 సార్లు తిరగరాశానని 1958లో చెప్పాడు. 2012లో అచ్చయిన ప్రతిలో 47 ముగింపులు ఇచ్చారు. ఆ ముగింపుల చిక్కంతా క్యాథరీన్ చనిపోయాక ఫ్రెడరిక్ గురించి ఏమి చెప్పాలన్నది. టాల్యమెంటో వంతెన దగ్గర, పోలీసులు ఫ్రెడరిక్‌ను పట్టుకున్న క్షణంలో, అతని పక్కన నడుస్తున్న డ్రైవరు పియానీ మనకు చివరిసారి కనిపిస్తాడు. అతడు వంతెన దాటాడా, ఇల్లు చేరాడా, లేక మళ్ళీ పట్టుబడి పియావే కందకాలకు వెళ్ళాడా, నవలలో లేదు.