వాఫస తెలియని పెట్టెకు మోటారు అప్పగించొద్దు

పై వీడియోలో నేల తేమ సెన్సార్ పెట్టె మూత తీసి చూపించాను. లోపల ఒక చిన్న బోర్డు, ఒక రిలే, నాలుగు వైర్లు. అంతే. అందరూ బోర్డు ఏ కంపెనీది, రేటెంత అనే అడుగుతున్నారు. నన్నడిగితే ముందు తెలుసుకోవాల్సింది వేరే ఉంది. ఆ బోర్డులో ప్రోగ్రాం ఎవరి పొలం కోసం రాశారు? దాన్ని మనం మార్చుకోగలమా?

సెన్సార్ తేమను నేరుగా చూడదు. మట్టి తడిని బట్టి మారే ఒక వోల్టేజీని పంపుతుంది. ఈఎస్‌పీ32 లాంటి బోర్డు దాన్ని 0 నుంచి 4095 మధ్య ఒక అంకెగా మారుస్తుంది. మామూలుగా దొరికే కెపాసిటివ్ రకంలో మట్టి ఆరేకొద్దీ అంకె పెరుగుతుంది. ఆ అంకెకు ‘20 శాతం తేమ’ అని పేరు పెట్టేది సాఫ్ట్‌వేరే. సరే, 20 శాతమే అనుకుందాం. ఎర్ర చల్కలో ఆ తేమకు మొక్క హాయిగా ఉంటుంది. నల్లరేగడిలో అదే 20 దగ్గర వాడిపోతూ ఉండొచ్చు, ఎందుకంటే రేగడి పట్టుకున్న నీళ్లన్నీ వేరుకు ఇవ్వదు. పైగా రేగడి ఎండితే నెర్రెలిస్తుంది. సెన్సార్ నెర్రెలో పడిందంటే అది గాలిని కొలుస్తూ కూర్చుంటుంది.

ఇక మన పద్ధతికి వద్దాం. పాలేకర్ గారు చెప్పిన నాలుగింటిలో వాఫస ఒకటి. మట్టి రేణువుల మధ్య గాలీ ఉండాలి, ఆవిరీ ఉండాలి, ఖాళీలన్నీ నీళ్లతో నిండిపోకూడదు. డిప్లొమాలో ఫీల్డ్ కెపాసిటీ అని చదువుకున్నది దీనికి దగ్గరి మాట. నేను చూసిన రెడీమేడ్ పెట్టెల్లో ప్రోగ్రాం ఒక్క గీత మీదే నడుస్తుంది: తేమ ఇంతకు తగ్గితే మోటారు వెయ్యి. ఎప్పుడు ఆపాలో టైమరుకు వదిలేశారు. మనకు కావాల్సింది ఆపే గీత. జానెడు లోతులో ఒక సెన్సార్, మూరెడు లోతులో ఇంకొకటి పెట్టి, పైది ఆరితే వెయ్యి, కిందిది తడవడం మొదలవగానే ఆపు అని రాయించుకోవాలి. ఆచ్ఛాదన ఉన్న చేలో పైపొర తేమ చూసి మోసపోతాం, అందుకే రెండు. వేసే అంకెకూ ఆపే అంకెకూ మధ్య ఎడం కూడా ఉండాలి. లేకపోతే మోటారు ఆగుతూ తిరుగుతూ కాలిపోద్ది.

ఆ అంకెలు కనిపెట్టడం కష్టమేం కాదు. చేలోనే గజం చోటుకు చుట్టూ గట్టు వేసి, నిండా నీళ్లు పెట్టి, పైన గడ్డి కప్పండి. చల్కలో ఒకరోజు, రేగడిలో రెండు మూడు రోజులు ఆగాక సెన్సార్ చూపించే అంకె మీ పొలానికి పై గీత. కింది గీత మొక్కే చెప్తుంది.

జీవామృతం సంగతీ ఇంతే. డ్రిప్పుతో ఎరువులిచ్చే ప్రోగ్రాం నీళ్లలో పూర్తిగా కరిగే ఎరువుల కోసం రాసింది. జీవామృతం ఎంత వడగట్టినా నలుసు ఉంటుంది. ముందు నీళ్లు, తర్వాత జీవామృతం, చివర్లో లైన్లు కడిగేలా మళ్లీ నీళ్లు. మధ్యలో కరెంటు పోతే, వచ్చాక ముందు కడగడంతోనే మొదలవ్వాలి. ఈ ఒక్క లైను ఏ రెడీమేడ్ పెట్టెలోనూ నాకు కనబడలేదు.

మా పక్క ఊరి రైతు ఒకాయన పెట్టె ఇప్పుడు గోడకు వేలాడుతోంది. సెన్సార్ బాగుంది, రిలే బాగుంది. అమ్మినవాళ్లు సర్వర్ ఆపేశారు, యాప్ తెరుచుకోదు. అందుకే నిర్ణయం పొలంలోని బోర్డే తీసుకోవాలి, సిగ్నల్ ఉంటే ఫోనుకు కబురు పంపాలి, లేకపోతే పని ఆగకూడదు. ఆంధ్రలో పగలు 9 గంటల కరెంటుకు ఒక లెక్క, తెలంగాణలో 24 గంటల కరెంటుకు ఇంకో లెక్క ఉంటుంది. అది కూడా మనమే మార్చుకునేలా ఉండాలి. ఒక్కటి మాత్రం సాఫ్ట్‌వేర్‌కు వదలొద్దు: స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే, ఫేజ్ పోతే మోటారును ఆపే ప్రివెంటర్ ఉండాల్సిందే.

“చేత్తో మట్టి పిండి చూస్తే తెలియదా?” అంటారు పెద్దలు. తెలుస్తుంది. రోజూ చేలో ఉండే ఎకరం రైతుకు ఈ పెట్టె అక్కర్లేదు, కొనమని నేను చెప్పను. నాలుగు చోట్ల ముక్కలున్నవాళ్లకు, తోట దూరంగా ఉన్నవాళ్లకే దీంతో పని.

రాయించుకునేవాళ్లు దగ్గర్లోని పాలిటెక్నిక్ పిల్లలను అడగండి. డబ్బులిచ్చే ముందే రెండు షరతులు కాగితం మీద పెట్టండి. సోర్స్ కోడ్ మొత్తం మన చేతికివ్వాలి. అంకెలు మార్చే పేజీ ఫోనులో తెలుగులో ఉండాలి, దానికి వాళ్లను పిలవాల్సిన పని ఉండకూడదు. చల్క అంకెలు నా దగ్గరున్నాయి, అడిగినవాళ్లకు ఇస్తాను. పత్తి రేగడిలో సెన్సార్ పెట్టినవాళ్లు ఉంటే, నెర్రెలు రాకముందు ఒక అంకె, వచ్చాక ఒక అంకె రాసి పంపండి.