చుక్కాని ఎవరి చేతిలో?



ఈ శీర్షికలో సాధారణంగా గ్రంథాలను గురించో, యాత్రలను గురించో ముచ్చటించుకుంటూ ఉంటాము. ఈసారి నీళ్ళమీదికి వెళదాము. గత వేసవిలో హుస్సేన్‌సాగర్‌లో చిన్నపిల్లలకు తెరచాప పడవలు నడపడం నేర్పే శిబిరానికి సహాయకులు కావలసివచ్చి, మా కార్యాలయం నుంచి ముగ్గురము పేర్లు ఇచ్చాము. ముగ్గురమూ యాభైకి అటూ ఇటూ ఉన్నవారమే. వయసులో ఉండగా కొంతకాలం తెరచాప పట్టినవారమే. కాబట్టి నేర్పడం ఏపాటి పని అన్న ధీమాతోనే వెళ్ళాము.

పిల్లలకిచ్చే పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల నిర్మాత దీనిని రూపొందించాడు. ఎనిమిది అడుగుల ప్లైవుడ్ పలకలతో చౌకగా తయారుకావాలన్నది ఆనాటి ఉద్దేశం. అందుకే ఇది నేటికీ ఎనిమిది అడుగులు దాటలేదు. ముక్కు కోసేసినట్లు మొద్దుగా ఉంటుంది. చూడగానే స్నానాల తొట్టి గుర్తుకు వస్తుంది. బరువు 35 కిలోలు. ఒకే తెరచాప, ఒకే చుక్కాని, ఒకే బిడ్డ. నేర్పేవాడు పక్కన కూర్చోవడానికి చోటు లేకపోవడమే ఈ పడవలోని గొప్పతనమని మాకు ఆలస్యంగా తెలిసింది.

శిబిరానికి ప్రధాన శిక్షకుడు శ్రీకాకుళం తీరంలో పుట్టి, నౌకాదళంలో చాలాకాలం పనిచేసి విరమించిన వ్యక్తి. మొదటి రెండు రోజులూ ఆయన పడవను నీటిలో దించనేలేదు. గడ్డిమీద పెట్టి పిల్లలను ఎక్కించేవాడు. పిడిని ఎడమకు నెడితే పడవ కుడికి తిరుగుతుంది. ఈ తలకిందుల లెక్క చేతికి అలవాటు కావాలి. గాలికి సూటిగా ఎదురు వెళ్ళడం ఏ తెరచాపకూ సాధ్యం కాదు. కొంత ఓరగా ఒక పక్కకూ, మళ్ళీ మరో పక్కకూ మలుపులు తిరుగుతూ పోవాలి. ఇదంతా చెప్పి, చివరకు ఇలా అడిగాడు: “సంక్రాంతికి గాలిపటం ఎగరేస్తారు కదా, గాలి గట్టిగా లాగి దారం చెయ్యి కోస్తూంటే ఏం చేస్తారు?”

“ఢీల్ ఇస్తాం!” అన్నారు పిల్లలందరూ ఒక్కసారిగా.

“అంతే. తెరచాప తాడూ అంతే. భయం వేస్తే ఢీల్ ఇవ్వండి.”

తాడు వదిలితే చాప గాలిని పట్టదు. రెపరెపలాడుతుంది, పడవ నెమ్మదిస్తుంది. మేము వారం రోజులు ఉపన్యసించినా ఇంత తేటగా చెప్పగలిగేవారము కాము.

మూడవనాడు పడవను కావాలనే బోల్తా కొట్టించడం నేర్పారు. లైఫ్ జాకెట్ తొడుక్కున్న బిడ్డ ఈదుకుంటూ పడవ అడుగువైపుకు వచ్చి, అక్కడ పొడుచుకువచ్చిన పలక మీద నిలబడి, అంచు పట్టుకుని వెనక్కు వాలితే పడవ లేస్తుంది. ఆపైన డబ్బాతో నీళ్ళు తోడుకోవాలి. హుస్సేన్‌సాగర్ నీటి పరిమళాన్ని గురించి మౌనం వహించడమే మర్యాద. ఒడ్డున నిలబడిన తల్లులు మాత్రం మౌనం వహించలేదు. ఒక పెద్దావిడ బుద్ధ విగ్రహం వైపు చూపి, 1990 మార్చిలో దానిని తీసుకువెళుతున్న బల్లకట్టు ఒరిగి విగ్రహం మునగడమూ, పలువురు ప్రాణాలు కోల్పోవడమూ గుర్తుచేసింది. విగ్రహాన్ని 1992లో పైకి తీసి నిలబెట్టారు. పోయినవారు రారు కదా అన్నది ఆమె మాట. దానికి మావద్ద జవాబు లేదు. ఆమె మనుమరాలు, తొమ్మిదేళ్ళ పాప, అప్పటికే రెండుసార్లు బోల్తా కొట్టి నవ్వుతోంది.

మే చివరి వారంలో పడమటి గాలి జోరందుకుంది. ఆనాడు మేము మోటారు బోటులో కాపలా ఉన్నాము. ఆ పాప పడవ టాంక్‌బండ్ రాతికట్ట వైపు కొట్టుకుపోతూ, చాప విపరీతంగా రెపరెపలాడుతూ కనిపించింది. పెద్దావిడ మాటలు చెవిలో గింగురుమన్నాయి. క్షణం ఆలోచించక బోటును దూకించి, తాడు విసిరి, పడవను కట్టి ఒడ్డుకు ఈడ్చుకువచ్చాము. ఘనకార్యం చేశామనే అనుకున్నాము. పాప కళ్ళనిండా నీళ్ళు.

“నేను ఢీల్ ఇచ్చాను కదా అంకుల్! తిప్పుకుని వచ్చేస్తున్నాను. ఎందుకు పట్టుకున్నారు?”

ఏ రెపరెపను చూసి మేము ప్రమాదమని బెదిరామో, అది ఆ పాప నేర్చుకున్న పాఠమే. కట్టకు ఇంకా చాలా దూరం ఉంది. శిక్షకుడు అంతా విని, “బాబూ, పాప భయపడలేదు. భయపడింది మీరు” అన్నాడు. మందలింపు కాదు, ఉన్నమాటే. నిజంగా ఆపద వచ్చిననాడు ఆలస్యం చేస్తే క్షమించరానిదే. కానీ ఆపదనూ మన గాబరానూ వేరుచేసి చూడడానికి కొంత దూరంలో ఉండి, ఒక్క నిమిషం చూడవలసింది. ఆ నిమిషం మేము చూడలేదు. మరునాడు పాప రాలేదు. ఆ ఉదయమంతా మాకు పనిమీద మనసు నిలువలేదు.

ఎల్లుండికి వచ్చింది. మాతో మాట్లాడలేదు.

ముగింపు రోజున మళ్ళీ అదే గాలి. మళ్ళీ ఆ పడవ కట్ట వైపే పోయింది. ఈసారి శిక్షకుడు మాతోపాటు బోటులో ఉన్నాడు. ఇంజనును నెమ్మదిగా తిరగనిస్తూ, పాపను కంటితో వదలకుండా, “ఎన్ని మలుపులు తిరుగుతుందో లెక్కపెట్టండి బాబూ” అని మాకు పని అప్పగించాడు. చాప రెపరెపలాడింది, మళ్ళీ నిండింది. పడవ ఒక పక్కకూ, మరో పక్కకూ గాలిని కోసుకుంటూ వచ్చింది. పదకొండు మలుపులని మేము లెక్క తేల్చాము. ఒడ్డు చేరాక పాప ఒప్పుకోలేదు. పదమూడట. బుద్ధ విగ్రహం చాటున ఉండగా తిరిగిన రెండూ మాకు కనిపించలేదట.