పాట అందరిదీ అయితే గొంతు ఎవరిది?

పోయిన ఏడాది మార్చి 8 సభకు వారం రోజుల ముందు మా కార్యాలయంలో కూర్చుని ఖర్చుల జాబితా రాస్తున్నాం. టెంటు, కుర్చీలు, మైకు సెట్టు, ఫ్లెక్సీలు, భోజనాలు, హైదరాబాదు నుంచి వచ్చే వక్తకు కారు. అన్నిటి ఎదురుగా అంకెలు పడ్డాయి. చివరి వరుసలో ‘పాటల బృందం’ అని రాసి, దాని ఎదురుగా ‘బస్సు చార్జీలు, శాలువాలు’ అని రాశాం. రాసింది నేనే. దాదాపు ముప్పై ఏళ్లుగా అలాగే రాస్తున్నాను. ఎప్పుడూ చెయ్యి ఆగలేదు.

సభకు ఐదుగురు స్త్రీలు పాడడానికి వచ్చారు. ఉదయం తొమ్మిది గంటలకు జనం ఇంకా చేరకముందే పాడారు. మంత్రి ఆలస్యమైతే పాడారు. ఉపన్యాసానికీ ఉపన్యాసానికీ మధ్య జనం లేచిపోకుండా పాడారు. సాయంత్రం శాలువాలు కప్పి ఫొటో తీసుకున్నాక, వాళ్లలో ముందుండి పాడిన ఆమె నన్ను పక్కకు పిలిచి ఫోన్ తీసి చూపించింది. వరినాటు పాట. తెర మీద పచ్చని పొలం, మెరిసే ఓణీలో ఓ పద్దెనిమిదేళ్ల అమ్మాయి, వెనక పదిమంది డాన్సర్లు. పెదవులు ఆ అమ్మాయివి.

“గొంతు నాదే అక్కా. మొఖమే నాది కాదు” అన్నది.

వీడియో కింద వరుసగా పేర్లున్నాయి. నిర్మాత, కెమెరా, ఎడిటింగ్, డాన్స్, డ్రోన్ కెమెరా తిప్పినతని పేరు కూడా ఉంది. ‘సాహిత్యం: సేకరణ’ అని రాసి పక్కన ఒక మగవాడి పేరు. పాడినామె పేరు లేదు. ఆ పాటను లక్షల మంది చూశారు. ఆమెకు ముట్టింది రెండు వేల రూపాయలు, ఒక్కసారి. ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారట. ఇంగ్లీషులో ఉంది, నకలు ఇవ్వలేదు. పేరు ఎందుకు వెయ్యలేదని అడిగితే, “జానపదం కదమ్మా, జానపదానికి ఓనరెవరు?” అని నవ్వారట.

ఆమె పేరు నేనిక్కడ రాయడం లేదు. పేరు లేకపోవడం గురించే రాస్తున్న వ్యాసంలో ఆమె పేరు లేకపోవడం నాకు సిగ్గుగానే ఉంది. కానీ పేరు బయటపడితే ఇంకెవరూ స్టూడియోకు పిలవరని ఆమె భయం. ఆ భయాన్ని కాదనే హక్కు నాకు లేదు.

ఆ నవ్విన మనిషి మాటకు మనం జవాబు చెప్పాలి. ఎందుకంటే అది ఆయనొక్కడి మాట కాదు. పండితులూ, అధికారులూ, మన ఉద్యమ మిత్రులూ కూడా అదే అంటారు. జానపదం ప్రజలది, అందరిదీ, దానికి హక్కులేమిటని. నిజమే. నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ, తిరగలి తిప్పుతూ, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ స్త్రీలు కట్టుకున్న పాటల మీద ఎవరూ యాజమాన్యం చెప్పకూడదనే నేనూ కోరుకుంటాను. కానీ అందరిదీ అయిన పాట ‘సేకరణ’ అనగానే ఒక మగవాడి పేరు కిందికి ఎలా వచ్చింది? విని రాసుకున్నవాడికి పేరు దక్కి, పాడి వినిపించినామెకు ఎందుకు దక్కలేదు? అలా పాడినామె చాలాసార్లు దళిత స్త్రీయో, వెనుకబడిన కులాల స్త్రీయో కావడం, రాసుకున్నవాడు చదువుకున్న మగవాడు కావడం యాదృచ్ఛికమా?

ఇంకో మాట. పాట వేరు, పాడడం వేరు. ఈ తేడా నేను కనిపెట్టింది కాదు. ఈ దేశపు చట్టంలోనే ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ ‘ప్రదర్శకుల హక్కు’ను చేర్చింది. ప్రదర్శకులంటే ఎవరో ఆ చట్టం పేరుపేరునా చెబుతుంది. నటులు, గాయకులు, వాద్యకారులు, నాట్యం చేసేవాళ్లు, దొమ్మరి విద్యలు చేసేవాళ్లు, గారడీ చేసేవాళ్లు, పాములాడించేవాళ్లు, ఉపన్యాసం ఇచ్చేవాళ్లు కూడా. పాములాడించే మనిషిని గుర్తుపెట్టుకున్న చట్టం నాటు పాట పాడే ఆడమనిషిని వదిలెయ్యలేదు. పాట ఎవరు రాశారో తెలియకపోయినా, వందేళ్ల కిందటిదైనా, ఆ రోజు ఆ స్టూడియోలో పాడిన ఆ పాడడం ఆమెది. మొదట 25 ఏళ్లున్న ఈ హక్కును 1999 సవరణతో 50 ఏళ్లు చేశారు. 2012 సవరణ మరికొంత ముందుకు వెళ్లింది. పాడినామెగా తన పేరు చెప్పమని కోరే హక్కు ఇచ్చింది. తన పరువుకు నష్టం కలిగేలా తన పాటను వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కు ఇచ్చింది. వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ ఇవ్వాలన్నది.

చట్టంలో మెలికలూ ఉన్నాయి, దాచడమెందుకు? దృశ్య చిత్రంలో వాడుకోవడానికి ఒకసారి రాతపూర్వకంగా ఒప్పుకుంటే, వేరే షరతు రాసుకోకపోతే, నిర్మాత దాన్ని వాడుకోవడాన్ని తర్వాత అడ్డుకోలేం. రాయల్టీ హక్కు మాత్రం అప్పుడూ పోదు. అందుకే ఆ ఇంగ్లీషు కాగితం అంత ముఖ్యం. హక్కులు రాసివ్వాలంటే రాతమూలకంగా, సంతకంతోనే జరగాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే చెల్లుతుంది. ఎక్కడెక్కడికో రాయకపోతే భారతదేశానికే చెల్లుతుంది. ఇవన్నీ ఆమెకు తెలియవు. సరే. భూమి పట్టాలు, గృహహింస చట్టం, ఉపాధి హామీ జాబుకార్డు అని ఊరూరా తిరిగి శిక్షణలిచ్చే మనకు ఎందుకు తెలియదు? పాడడం పని అని మనకు తోచలేదు కాబట్టి.

స్త్రీ పాడితే అది పని కాదు. పండుగ, భక్తి, సరదా, సేవ. వంట పని కాదన్నట్టే, పిల్లల పెంపకం పని కాదన్నట్టే. ఇంటి చాకిరీ గురించి మనం ఇన్నేళ్లుగా చేస్తున్న వాదన పాట దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాం.

చరిత్రలో ఈ సంగతి కొత్తది కాదు. 1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీ కోసం పాడిన గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే గట్టిగా చెప్పేది. రికార్డులు జర్మనీలో అచ్చవుతాయి, అక్కడివాళ్లు పేరు సరిగా రాయాలి కదా. అవసరం కోసం చెప్పినా, నూట ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ పేరు ఆ గొంతుకు అంటుకునే ఉంది. బెంగళూరు నాగరత్నమ్మ తన సొంత సంపాదనతో తిరువయ్యారులో త్యాగరాజు సమాధి మందిరం కట్టించింది. అక్కడి ఆరాధనలో పాడడానికి స్త్రీలకు చోటు లేదన్నారు. 1920ల చివర్లో ఆమె స్త్రీలను కూడగట్టి వేరుగా ఆరాధన జరిపించింది. ముద్దుపళని కావ్యాన్ని అచ్చు వేయిస్తే దాని మీదా నిషేధం పడింది. 1947లో మద్రాసులో దేవదాసీ చట్టం వచ్చింది. ఆ వ్యవస్థ పోవలసిందే, దాని మీద రెండు మాటల్లేవు. కానీ ఆ స్త్రీల చేతుల్లో ఉన్న పదాలూ జావళీలూ పెద్ద కులాల ఇళ్లకూ సభలకూ చేరాయి. ఆ విద్యకు గౌరవం పెరిగింది. దాన్ని మోసుకొచ్చిన వాళ్లకు మాత్రం ఉపాధీ పోయింది, గౌరవమూ రాలేదు. ఇవాళ నాటు పాటకూ, బతుకమ్మ పాటకూ అదే జరుగుతోంది. 2014లో బతుకమ్మ తెలంగాణ రాష్ట్ర పండుగ అయింది. చాలాచోట్ల ఇప్పుడు బతుకమ్మ చుట్టూ తిరిగే స్త్రీలు పాడడం లేదు. డీజే పాడుతోంది.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం పాకినప్పుడు దాని వెనక అక్షరాస్యతా కార్యక్రమాల కళాజాతాలున్నాయి, పాటలున్నాయి. ఆ ఉద్యమం మీద మనం ఎన్నో వ్యాసాలు రాశాం. ఆ పాటలు పాడిన స్త్రీల పేర్లు అందులో ఎన్నిటిలో ఉన్నాయి? ఆ తర్వాత రెండుమూడేళ్లకు మా సంస్థ ఒక పాటల కేసెట్టు వేసింది. మొన్న బీరువాలోంచి తీసి చూశాను. అట్ట మీద సంస్థ పేరుంది. సలహాదారుల పేర్లున్నాయి. ముఖచిత్రం వేసినవారి పేరుంది. పాడినవాళ్లు? ‘గ్రామీణ మహిళా బృందం’. వాళ్లు ఏడుగురు. నలుగురి పేర్లే నాకు గుర్తున్నాయి. ఆ స్టూడియో మనిషికీ నాకూ తేడా ఏమిటని ఆ రాత్రి నన్ను నేను అడుగుకున్నాను. ఆయన డబ్బు చేసుకున్నాడు, మేం చేసుకోలేదు. అంతే తేడా.

వేదిక సంగతి ఇంకా ఘోరం. రికార్డింగుకు కనీసం ఒక గది ఉంటుంది. జాతరలకూ, పెళ్లిళ్లకూ, రాజకీయ సభలకూ పాడడానికి వెళ్లే స్త్రీలను అడగండి. చీర మార్చుకునే చోటుండదు, మరుగుదొడ్డి ఉండదు. అర్ధరాత్రి కార్యక్రమం అయ్యాక డీసీఎం వ్యానులో మగవాళ్ల మధ్య ఇంటికి. తాగినవాడు వేదికెక్కి చెయ్యి పట్టుకుంటే నిర్వాహకుడు ‘సర్దుకో’ అంటాడు. అసలు పాడే ఆడదంటేనే ఊరికి లోకువ. పాటతో సభలను కదిలించిన బెల్లి లలితను 1999లో చంపి, శరీరాన్ని ముక్కలు చేశారు. స్త్రీ గొంతు విప్పితే ఎంత భయపడతారో చెప్పడానికి ఇంకేం కావాలి? 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం అసంఘటిత రంగాన్ని కూడా పని స్థలంగానే గుర్తించింది. పని మీద వెళ్లే ప్రయాణాన్ని కూడా అందులో చేర్చింది. పదిమంది కంటే తక్కువ పనిచేసేచోట జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చెయ్యవచ్చు, మూడు నెలల్లోగా. మీ జిల్లాలో ఆ కమిటీ ఎక్కడుందో ఒక్క గాయనికైనా మనం చెప్పామా?

“సంస్థల దగ్గర డబ్బెక్కడిది?” అంటారు. ఫ్లెక్సీకి ఉంది, జ్ఞాపికకు ఉంది, కారుకు ఉంది. “డబ్బిస్తే ఉద్యమ స్ఫూర్తి పోతుంది” అంటారు. నేను జీతం తీసుకుంటున్నాను, నా స్ఫూర్తి పోలేదు. రెండు రోజుల కూలి పోగొట్టుకుని వచ్చినామె స్ఫూర్తి మాత్రమే డబ్బుతో చెడిపోతుందా? “వాళ్లు అడగలేదు” అంటారు. అడిగితే మళ్లీ పిలవరని తెలిసినవాళ్లు ఎలా అడుగుతారు?

వేరే దారి లేదని ఎవరూ అనకండి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత స్త్రీల సంఘాలు 2008లో సంఘం రేడియో మొదలుపెట్టాయి. రికార్డు చేసిందీ, మైకు ముందు కూర్చున్నదీ ఆ స్త్రీలే. తమ పాటలు, తమ విత్తనాలు, తమ మాటలు తమ యాసలోనే. యంత్రం ఎవరి చేతిలో ఉంటే పేరు వాళ్లు చెప్పుకుంటారు. ఇవాళ ఫోనుతోనే రికార్డు చేసి, సొంత చానల్ పెట్టుకుని, తమ పేరుతో పాటలు విడుదల చేస్తున్న ఆడపిల్లలు మన జిల్లాల్లోనే ఉన్నారు. వాళ్లకు కావలసింది మన శాలువా కాదు. ఖాతా తెరవడంలో తోడు, కాగితం చదివిపెట్టే మనిషి, గొడవ వస్తే పక్కన నిలబడే సంఘం.

అందుకే ఈ పత్రిక చదివే సంఘాలన్నిటికీ నా విజ్ఞప్తి. పాడడానికి పిలిచిన ప్రతి స్త్రీకీ ముందే మాట్లాడుకున్న పారితోషికం ఇవ్వాలి. అది ఖర్చుల జాబితాలో మొదటి వరుసలో ఉండాలి. కరపత్రంలో వక్తల పేర్లతోపాటు పాడేవాళ్ల పేర్లూ ఉండాలి. అడగకుండా రికార్డు చెయ్యకూడదు, రికార్డు చేస్తే పేరు లేకుండా బయటపెట్టకూడదు. బయటి స్టూడియోలతో ఒప్పందానికి ఒక తెలుగు నమూనా కాగితం మన న్యాయవాద మిత్రులు తయారుచేయాలి. ఒక పేజీ చాలు. ఎంత కాలానికి, ఎంత డబ్బుకు, ఎవరి పేరుతో, నకలు ఎవరి దగ్గర. రాత్రి కార్యక్రమమైతే ఇల్లు చేర్చే బాధ్యత పిలిచినవాళ్లదే.

ఆమెను వెంటబెట్టుకుని నేను ఆ స్టూడియోకు వెళ్లాను. రెండుసార్లు తిప్పి మూడోసారి కాగితం నకలు ఇచ్చారు. అందులో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని ఉంది. రాయల్టీ ఊసే లేదు. మా న్యాయవాది నోటీసు పంపింది. ఇప్పటికి వీడియో కింద ఆమె పేరు చేరింది, చివరి వరుసలో, ఇంగ్లీషులో, ఒక అక్షరం తప్పుతో. డబ్బు సంగతి ఇంకా తేలలేదు. ఆమె ఆ పేరును ఫోనులో వేలితో పెద్దది చేసి చాలాసేపు చూసింది. “అక్షరం తప్పు పోయింది, అది కూడా దిద్దిద్దాం అక్కా” అన్నది.

ఈ ఏడాది సభ ఖర్చుల జాబితా మళ్లీ రాశాం. మొదటి వరుసలో ఐదుగురి పేర్లు రాశాను, ఒక్కొక్కరి ఎదురుగా ఒక అంకె. మొత్తం పెరిగింది. ఫ్లెక్సీలు తగ్గించాం.