ఎదురు డబ్బిస్తామన్నా రాలేదు!

అద్దె ఇవ్వక్కర్లేదు, ఇంట్లో దిగితే చాలు... ఏడాదికి 200 పౌండ్లు మేమే ఎదురిస్తాం! ఇలాంటి ఇంటి యజమాని ఎక్కడైనా ఉంటాడా? 18వ శతాబ్దంలో ఇంగ్లండులో ఉన్నాడని చెబుతారు. ఆయన ఎర్ల్ టెంపుల్. ఇల్లు డోర్సెట్‌లోని ఈస్ట్‌బరీ. ఇంతాచేస్తే అందులో ఉండటానికి ఒక్కరూ ముందుకు రాలేదట.

వస్తే దీపాలకీ నౌకర్లకీ ఎంత కావాలి మరి! నౌకాదళ వ్యవహారాల్లో పెద్ద పదవులు చేసిన జార్జ్ డోడింగ్టన్ మొదలుపెట్టిన భవనమది. నమూనా గీసింది జాన్ వాన్‌బ్రూ. ఈయన ముందు నాటకాలు రాసి, తర్వాత భవనాలవైపు వచ్చాడు. అందుకేనేమో ఆయన కట్టడాలు రంగస్థలంమీద సెట్టింగుల్లా ఉంటాయి. బ్లెన్‌హైమ్ ప్యాలెస్, కాజిల్ హోవర్డ్ ఆయనవే. ఆ రెండింటి తర్వాత అంతటిది ఇదే. డోడింగ్టన్ 1720లో, వాన్‌బ్రూ 1726లో పోయారు. మేనమామ ఆస్తితోపాటు ఇంటిపేరు కూడా తీసుకున్న జార్జ్ బబ్ 1738 నాటికి పని ముగించాడు. ఖర్చు 1,40,000 పౌండ్లు! ఆయన 1762లో చనిపోయాక భవనం టెంపుల్‌కి దక్కింది. దక్కడం కాదు, మెడకు చుట్టుకుంది.

1775లో కూల్చడం మొదలైంది. గోడలు ఎంత మందమంటే, మందుగుండు పెట్టి పేల్చాల్సి వచ్చిందంటారు.

మధ్యలో అసలు మహలు, దానికి చెరోవైపు వంటశాలలకీ గుర్రాలకీ వేరే కట్టడాలు... ఇదీ వాన్‌బ్రూ పథకం. మహలు నేలమట్టమైంది. పనివాళ్లు తిరిగే ఓ పక్క భాగం మాత్రం మిగిలింది. కారణం చాలా మామూలుది. అది మనుషులు కాపురం ఉండగలిగినంత ఇల్లు! అలాగని అది నాసిరకం కాదు. గుర్రాలకు కదా అని వాన్‌బ్రూ చేతులు దులుపుకోలేదు. బరువైన రాయి, గుండ్రటి తోరణాల వరుస, వాటికింద చిక్కటి నీడ. చెక్కుళ్లూ నగిషీలతో కాక, రాతి బరువుతోనే చూపరుల్ని నిలబెట్టేయడం ఆయన పద్ధతి. మహలు ఎలా ఉండేదో ఊహించుకోవడానికి ఇప్పుడు ఆధారం ఈ ముక్కా, 1725లో కోలిన్ క్యాంబెల్ అచ్చువేసిన నమూనా చిత్రాలూ.

ఈస్ట్‌బరీ తర్వాత పింగాణీకి పేరుపడ్డ వెడ్జ్‌వుడ్ కుటుంబానికి చెందిన టామ్ చేతికొచ్చింది. వెండి లవణం పూసిన తోలుమీద వెలుతురుతో బొమ్మలు పడేలా చేసిన తొలితరం ప్రయోగకర్త ఆయనే. 1805లో చనిపోయేదాకా ఆయన ఇల్లు ఈస్ట్‌బరీయే.

మిగిలిన భాగం పక్కనే పెద్ద రాతి తోరణం ఒకటుంది. దాని నెత్తిన రాళ్ల సందుల్లోంచి చెట్లు మొలిచి ఏపుగా పెరిగాయి. వాన్‌బ్రూ గీసిన నమూనాలో అవి లేవు!