పరీక్ష చేయండి, కాగితం మా చేతికివ్వండి

తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి, ప్రజా సమస్యల పరిష్కార వేదికలో నాయుడుపేట, ఓజిలి, పెళ్లకూరు, దొరవారిసత్రం మండలాల కాంట్రాక్టు కార్మికులు సమర్పించుకునే వినతిపత్రం.

ప్రతులు: కార్మిక శాఖ, ఫ్యాక్టరీల శాఖ, జిల్లా పోలీసు సూపరింటెండెంట్ గారు.

విషయం: పనిలో చేర్చుకునేటప్పుడు, చేరిన తర్వాత ప్రైవేటు ఏజెన్సీలు జరుపుతున్న డ్రగ్ టెస్టులు, పూర్వాపరాల వెరిఫికేషన్ వల్ల మాకు జరుగుతున్న అన్యాయం.

అయ్యా,

ముందుగా ఒక మాట. డ్రగ్ టెస్టు వద్దని అడగడానికి మేము రాలేదు. పదహారో నంబరు జాతీయ రహదారి మా ఊళ్ల మీదుగానే చెన్నైకి పోతుంది. ఆ దారిలో గంజాయి పోతున్న సంగతి మాకు తెలుసు, పట్టుబడ్డ వార్తలు చదువుతూనే ఉన్నాం. మాకూ ఎదిగిన పిల్లలున్నారు. 2024 నవంబరులో ప్రభుత్వం గంజాయి, డ్రగ్స్ అరికట్టడానికి ఈగల్ దళాన్ని పెట్టి, ఫిర్యాదులకు 1972 నంబరు ఇచ్చినప్పుడు సంతోషించాం. 'డ్రగ్స్ వద్దు బ్రో' అని రాసిన బోర్డు కింద నిలబడి బస్సు ఎక్కేవాళ్లం మేము. మత్తులో ఉన్నవాడు బాయిలర్ దగ్గరో, రసాయనాల రియాక్టర్ దగ్గరో, ఫోర్క్‌లిఫ్ట్ మీదో ఉంటే ముందు పోయేది పక్కన పనిచేసే మా ప్రాణమే. కాబట్టి పరీక్ష ఉండాల్సిందే. ఆ పరీక్ష ఎవరు చేస్తున్నారు, ఎలా చేస్తున్నారు, ఫలితం ఎవరి చేతిలో ఉంటోంది అన్నదే మా గోడు.

మాలో చాలామందిమి కంపెనీ మనుషులం కాము. కంపెనీకి కాంట్రాక్టరు, కాంట్రాక్టరుకు ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ, ఆ ఏజెన్సీకి టెస్టులూ వెరిఫికేషన్లూ చేసే ఇంకో ఏజెన్సీ. తప్పు ఎక్కడ జరిగిందని అడిగితే ఒకరు ఇంకొకరిని చూపిస్తారు. ఆఖరికి గేటు దగ్గర సెక్యూరిటీ అతను పాసు లాక్కుని 'నీ పేరు లిస్టులో లేదు' అంటాడు. ఆ లిస్టు ఎవరు తయారు చేశారో అతనికీ తెలియదు.

టెస్టు జరిగే తీరు తమరు ఒక్కసారి చూడాలి. గేటు పక్కన రేకుల షెడ్డు, ఒక బల్ల, మూత మీద పేరు రాసిన ప్లాస్టిక్ కప్పులు. మూత్రం పట్టి ఇస్తే అందులో స్ట్రిప్ ముంచి కాసేపు చూస్తారు. ఈ స్ట్రిప్‌లో ఒక తిరకాసు ఉంది. గర్భం పరీక్ష స్ట్రిప్ మా ఆడవాళ్లందరికీ తెలుసు, అందులో రెండు గీతలు వస్తే ఉన్నట్టు. డ్రగ్ స్ట్రిప్‌లో దానికి తలకిందులు. రెండు గీతలు వస్తే మందు లేనట్టు, రెండో గీత రాకపోతే ఉన్నట్టు. రెండో గీత ఎంత పల్చగా వచ్చినా 'లేదు' అనే లెక్కవేయాలని స్ట్రిప్ తయారు చేసినవాళ్ల కాగితంలోనే రాసి ఉంటుంది. రోజుకూలికి కూర్చోబెట్టిన కుర్రాడికి ఆ కాగితం ఎవరు చదివి చెప్పారు? పల్చటి గీతను 'సరిగా రాలేదు' అని పాజిటివ్ కింద రాసుకుంటే అడిగేవాడు లేడు. ఇలాంటి కిట్లను సాధారణంగా 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచమంటారు. మే నెలలో మా దగ్గర ఎండ 40 దాటుతుంది. ఆ రేకుల కింద అట్టపెట్టెల్లో అవి రోజంతా పడి ఉంటాయి.

మా తోటి కార్మికుడు ఒకడి సంగతి చెబుతాం, పేరు రాయడం లేదు, అతని పరువు ఇప్పటికే చాలా పోయింది. ప్యాకింగ్‌లో రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. విడవని దగ్గు పట్టుకుంటే డాక్టరు కోడిన్ కలిసిన సిరప్ రాసిచ్చారు. కోడిన్ ఒంట్లోకి పోయాక కొంత మార్ఫిన్‌గా మారుతుంది. ఇది డాక్టర్లందరికీ తెలిసిన విషయమే. స్ట్రిప్ మీద మార్ఫిన్ గీత రాలేదు. డాక్టరు చీటీ అతని చొక్కా జేబులోనే ఉంది. తీసి చూపించబోతే 'అవన్నీ మాకు అక్కర్లేదు' అన్నారు. ఆ మధ్యాహ్నమే పాసు తీసుకున్నారు. సాయంత్రానికి ఊళ్లో 'గంజాయి తాగి దొరికాడంట' అని పాకిపోయింది. ఆ స్ట్రిప్ చూపింది మార్ఫిన్ జాతి మందు, గంజాయికి దానికీ సంబంధమే లేదు. కానీ వాళ్లు ఒక్క కాగితమైనా ఇచ్చి ఉంటే కదా, ఊరికి చూపించుకోవడానికి! చెల్లెలి సంబంధం మాట్లాడుకుంటున్న ఇల్లు అది. మాటలు ఆగిపోయాయి. రెండో గేటుకు వెళ్తే అక్కడి కాంట్రాక్టరు ఫోనులోనే అతని పేరు ఉంది. ఎవరు పంపారో చెప్పరు.

ఇంకొక సంగతి తమరి దృష్టికి తెస్తాం. మా ఇళ్లలో మటన్ కూరకు గసగసాల ముద్ద వేయకపోతే కూర అనిపించదు. గసగసాలు వచ్చేది నల్లమందు మొక్క నుంచే. వాటివల్ల మూత్రంలో మార్ఫిన్ కనబడవచ్చని అమెరికాలో ఎప్పుడో గమనించారు. అక్కడి ప్రభుత్వ ఉద్యోగుల పరీక్షల్లో నల్లమందు జాతి మందులకు పాజిటివ్ అనే హద్దు మిల్లీలీటరుకు 300 నానోగ్రాములు ఉండేది. అమాయకులు చిక్కుకుంటున్నారని 1998లో దాన్ని 2000కు పెంచారు. ఇన్నేళ్ల తర్వాత కూడా, 2023 ఫిబ్రవరిలో, అమెరికా రక్షణ శాఖ తమ సైనికులకు గసగసాలు తినొద్దని చెప్పింది. బజారులో 300 హద్దున్న స్ట్రిప్పులూ ఉన్నాయి, 2000 హద్దున్నవీ ఉన్నాయి. గేటు దగ్గర మాకు వాడేది ఏదో ఎవరూ చెప్పరు. ఆదివారం కూర తిని సోమవారం పనికి వచ్చే మనిషి పొట్టకూడు ఆ అంకె మీద ఆధారపడి ఉంటుందని తమరు గమనించాలి.

అందుకే ప్రపంచంలో ఈ పరీక్షను సక్రమంగా చేసే ప్రతిచోటా స్ట్రిప్ అనేది మొదటి మెట్టు మాత్రమే. స్ట్రిప్ 'ఉంది' అంటే అదే నమూనాను ల్యాబ్‌కు పంపి, మందును వేరుచేసి గుర్తించే యంత్రం మీద మళ్లీ చూస్తారు. ఆ తర్వాత ఒక డాక్టరు కార్మికుడితో మాట్లాడి, ఏ మందులు వాడుతున్నావని అడిగి, అప్పుడు రాస్తారు. దీనికి విదేశాలదాకా పోనక్కర్లేదు. మన విమానయాన శాఖ 2022 జనవరి 31 నుంచి పైలట్లకు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకు డ్రగ్ పరీక్షలు పెట్టింది. అక్కడ మొదటి పరీక్షలో పాజిటివ్ వస్తే విధుల నుంచి పక్కన పెడతారు, నిర్ధారణ పరీక్షకు పంపుతారు. అది కూడా పాజిటివ్ అని తేలితే మొదటిసారి వ్యసనం మాన్పించే కేంద్రానికి పంపుతారు. వందలమంది ప్రాణాలు చేతిలో పెట్టుకుని ఎగిరే పైలట్‌కు రెండో పరీక్ష ఉంది, మొదటిసారికి వైద్యం ఉంది. అట్టపెట్టెలకు టేపు వేసే మనిషికి మాత్రం ఒక్క స్ట్రిప్‌తో కథ ముగిసిపోవాలా? ఇది మాకు అర్థం కావడం లేదు, తమరైనా మాకు వివరించాలి.

మా ఆడవాళ్లు తమ బాధ వేరుగా రాయమన్నారు, రాస్తున్నాం. కప్పు పట్టేటప్పుడు తలుపు వేసుకోవద్దంటారు. బయట నిలబడేది ఒక్కోసారి మగ మనిషి. కప్పు ఇచ్చాక అందులో ఏయే పరీక్షలు చేస్తున్నారో చెప్పరు. డ్రగ్ టెస్టు పేరుతో గర్భం పరీక్ష కూడా చేసి, కడుపుతో ఉన్నవాళ్లను వచ్చే నెల పిలవడం మానేస్తున్నారేమోనని మా అక్కచెల్లెళ్లకు భయం. నిజమో కాదో తేల్చే దారి మాకు లేదు, కాగితం లేదు కాబట్టి. ఒక క్యాజువల్ కార్మికుడికి హెచ్‌ఐవీ ఉందని పని ఇవ్వకపోతే, పని చేయగల మనిషిని రోగం పేరుతో తీసేయకూడదని బొంబాయి హైకోర్టు 1997లోనే తీర్పు చెప్పింది. ఏ కప్పులో ఏం చూస్తున్నారో ముందే రాసి చూపించడం కనీస మర్యాద.

ఇక వెరిఫికేషన్ సంగతి. మా ఊళ్లలో గట్టు తగాదాలు, నీళ్ల తగాదాలు, ఎన్నికల ముందు బైండోవర్లు మామూలు. ఒకరి మీద ఒకరు కేసు పెట్టుకోవడం, లోక్ అదాలత్‌లో రాజీపడి ఇళ్లకు పోవడం జరుగుతూనే ఉంటుంది. కేసు పోయినా పేరు మాత్రం రికార్డులో ఉంటుంది. వెరిఫికేషన్ ఏజెన్సీ ఆ పేరు చూసి 'నెగటివ్' అని రాస్తుంది. సెక్యూరిటీ గార్డుల విషయంలో 2005 నాటి చట్టం నడవడిక విచారించమంది, అది సరే. కుట్టు మిషన్ దగ్గర కూర్చునే పిల్లకు, ఊడ్చే మనిషికి కూడా అదే జల్లెడా? అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ప్రభుత్వ ఉద్యోగుల గురించి చెప్పినప్పుడే, కేసు ఎంత చిన్నది, ఆ ఉద్యోగం ఏమిటి, నిర్దోషిగా బయటపడ్డాడా అన్నవన్నీ చూసి నిర్ణయించాలంది. ప్రభుత్వ ఉద్యోగానికి చూపాల్సినంత వివేకం ప్యాకింగ్ కూలీకి చూపించలేరా?

ఏజెన్సీ మనిషి మోటారు సైకిల్ మీద ఊళ్లోకి వచ్చి పక్కింటివాళ్లను అడుగుతాడు. పక్కింటివాళ్లతో మాటలు లేకపోతే మన గతి అంతే. పేట చివర ఉండే మా యానాది అన్నదమ్ములది ఇంకా ఘోరం. కొందరికి ఆధార్ లేదు, ఉన్నవాళ్లకు పుట్టిన తేదీ అంతా జనవరి 1. తాత పేరు ఒక కార్డులో ఒకలా, ఇంకో కార్డులో ఇంకోలా. 'చిరునామా తేలలేదు' అని వాళ్లను వెనక్కి పంపేస్తారు. ఈ పాత నెల్లూరు జిల్లాలోనే, కావలిలో, నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకలవాళ్లను సెటిల్‌మెంట్‌లో పెట్టి హాజరు తీసుకున్న రోజులున్నాయి. ఆ చట్టాన్ని దేశం 1952లో ఎత్తేసింది. పుట్టిన గూడెం పేరు చూసి అనుమానించే అలవాటు ఇంకా పోలేదు, ఇప్పుడు అది కంప్యూటర్ ఫారం మీదికి వచ్చింది. స్థానికులకు నూటికి 75 ఉద్యోగాలని 2019లో మన శాసనసభ చట్టం చేసింది. మేనకూరు పక్క గూడెం మనిషి మేనకూరు ఫ్యాక్టరీ గేటు దాటలేకపోతే ఆ చట్టం ఎవరికోసం?

డబ్బు మాట కూడా చెప్పుకోవాలి. టెస్టుకు ఇంత, వెరిఫికేషన్‌కు ఇంత అని మొదటి నెల జీతంలో కోస్తున్నారు. రసీదు ఉండదు. కాంట్రాక్టరు మారితే మళ్లీ టెస్టు, మళ్లీ కోత, అదే గేటు, అదే మిషన్. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ జీతంలో ఏయే కోతలు చెల్లుతాయో లెక్కగట్టి చెప్పింది. యజమాని కోరిన పరీక్షకు కార్మికుడు డబ్బు కట్టాలని అందులో ఎక్కడా లేదు. అదే రోజు అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ప్రకారం నియామక పత్రం ఇవ్వాలి. మాలో ఎందరికి ఇచ్చారో కార్మిక శాఖ వారు ఒక్క షిఫ్టు గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది.

సంతకం పెట్టించుకునే సమ్మతి ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. దేనికి సమ్మతించామో మాకు తెలియదు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అలాంటి సమ్మతి వివరాలను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలో అడిగి తీసుకునే హక్కు ఇచ్చింది, అందులో తెలుగు ఉంది. ముఖ్యమైన సెక్షన్లకు నిబంధనలు వచ్చిన 2025 నవంబరు నుంచి 18 నెలల గడువు పెట్టారు. గడువు ఉంది కదా అని మా ఫలితాలు కాంట్రాక్టర్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరగాలా? మనిషి ఏకాంతం ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న చెప్పారు కదా.

మేము అడిగేది పెద్ద కోరికలు కావు. స్ట్రిప్ ఒక్కదాన్ని పట్టుకుని ఎవరినీ పనిలోంచి తీసేయకూడదు, నిర్ధారణ పరీక్ష గుర్తింపు పొందిన ల్యాబ్‌లో జరగాలి, అది వచ్చేదాకా ప్రమాదంలేని పనిలో ఉంచి కూలి ఇవ్వాలి. నమూనా తీసేది శిక్షణ పొందిన మనిషి కావాలి, ఆడవాళ్ల దగ్గర ఆడమనిషి ఉండాలి. ఏ పరీక్షలు చేస్తున్నారో, ఏ హద్దు వాడుతున్నారో తెలుగులో రాసి, ఫలితం కాగితం మీద మా చేతికి ఇవ్వాలి. ఖర్చు యజమానిదే. నిజంగా వ్యసనంలో పడ్డవాడు ఉంటే మొదటిసారి వైద్యానికి పంపాలి. ఇష్టపూర్వకంగా వైద్యానికి వచ్చేవాడికి మాదకద్రవ్యాల చట్టంలోనే, 64ఎ సెక్షన్‌లో, రక్షణ ఉంది. వ్యసనం మాన్పించే హెల్ప్‌లైన్ 14446 నంబరు గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాయించాలి. కొట్టేసిన, రాజీపడ్డ కేసులను వెరిఫికేషన్‌లో లెక్కలోకి తీసుకోకూడదు. ఆధార్ లేని యానాది కుటుంబాలకు గూడెంలోనే శిబిరం పెట్టి కార్డులు ఇప్పించాలి. ఇది తమ చేతిలో ఉన్న పని, రేపే మొదలుపెట్టవచ్చు.

తప్పుడు ఫలితంతో పని పోయినవాళ్లకు అప్పీలు చేసుకునే చోటు కావాలి. కంపెనీ ప్రతినిధి, కాంట్రాక్టరు, ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు, కార్మిక శాఖ అధికారి కూర్చుని పది రోజుల్లో తేల్చేలా తమరు ఏర్పాటు చేయాలని వేడుకుంటున్నాం. పైన చెప్పిన దగ్గు మందు కుర్రాడి చీటీ జిరాక్సు దీనికి జతచేశాం. మొదటి విచారణ అతనిదే కావాలని మా ప్రార్థన. ఈ వినతికి రసీదు నంబరు ఇప్పించి, ఏ తేదీన మమ్మల్ని పిలుస్తారో రాతపూర్వకంగా తెలియజేయగలరు. షిఫ్టు వదులుకుని రావాలి కాబట్టి రెండు రోజుల ముందు చెబితే మేలు.

ఇట్లు,
తమ విధేయులు,
నాయుడుపేట పరిసర గ్రామాల కాంట్రాక్టు కార్మికులు
(సంతకాలు, వేలిముద్రలు జతచేయడమైనది)